కడుపుతో ఉన్నప్పుడు కోవిడ్ వస్తే ఏం చేయాలి: మొదటి రోజు నుంచి బిడ్డకు పాలిచ్చేదాకా

మా చెల్లికి ఏడో నెలలో కోవిడ్ వచ్చింది, 2021 మేలో, రెండో వేవ్ మంచి ఊపులో ఉన్నప్పుడు. రెండు రోజుల్లో జ్వరం దిగిపోయింది, ఇంట్లో అందరం హమ్మయ్య అనుకున్నాం. ఆరో రోజు రాత్రి వంటింట్లోంచి పడగ్గదికి నడిచొచ్చి మంచం మీద కూర్చుని "అక్కా... కాసిని... నీళ్ళివ్వవే" అంది. మూడు మాటలకి రెండుసార్లు ఆగింది. వాళ్ళత్తగారు "ఏడో నెల, కడుపు పైకొచ్చేసింది, ఆయాసం ఉండదూ" అన్నారు, నలుగురిని కన్న మనిషి, తనకు తెలిసింది చెప్పారు. నేను రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఆక్సీమీటర్ తెచ్చి వేలికి పెట్టాను. 93. వేలు మార్చాను, మళ్ళీ 93. ఆ రాత్రే బయల్దేరాం.

ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చింది, తర్వాత నెలలు నిండాక కాన్పైంది, ఆ పాప ఇప్పుడు బడికి పోతోంది. కానీ ఆ రాత్రి మేం "ఆయాసం మామూలే" అని పడుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా ఇష్టం ఉండదు నాకు. అందుకే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, ఇందులో ఏదీ మీ డాక్టర్ మాటకి బదులు కాదు. కానీ ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను: "కడుపుతో ఉంది కదా, మందులెందుకు, స్కానింగులెందుకు, చూద్దాంలే" అని ఆలస్యం చేయడమే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. కడుపుతో ఉంది కాబట్టే ఇంకా ముందు పరిగెత్తాలి.

ముందు, అసలు ఏం జరుగుతుందో తెలుసుకోండి

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ ఎమర్జెన్సీ ముగిసిందని ప్రకటించింది, వైరస్ మాత్రం పోలేదు, 2025 ఎండాకాలంలో మన దగ్గర మళ్ళీ కేసులు వచ్చాయి. ఇప్పుడు చాలామందికి జలుబులా వచ్చి పోతోంది, గర్భిణుల్లో కూడా ఎక్కువమంది ఇంట్లోనే కోలుకుంటున్నారు. కాబట్టి పాజిటివ్ అనగానే టెన్షన్ పడి ఏడవొద్దు. అలాగని తేలిగ్గానూ తీసుకోవద్దు.

కారణం మీ ఒంట్లోనే ఉంది. గర్భసంచి పెరిగేకొద్దీ ఊపిరితిత్తులకి కింద చోటు తగ్గుతుంది, అదే సమయంలో ఒంటికి ఆక్సిజన్ మామూలు కంటే ఎక్కువ కావాలి, రక్తం గడ్డకట్టే గుణం కూడా పెరుగుతుంది. కోవిడ్ దెబ్బకొట్టేది సరిగ్గా ఈ రెండు చోట్లే, ఊపిరితిత్తులు, రక్తనాళాలు. టీకాలు రాకముందు 2020లో అమెరికాలో లక్షణాలున్న 4 లక్షల మంది ఆడవాళ్ళ వివరాలు చూస్తే, అదే వయసు మామూలు ఆడవాళ్ళలో వెయ్యికి సుమారు 4 మంది ఐసీయూలోకి వెళ్తే గర్భిణుల్లో పది మందికి పైగా వెళ్ళారు. మన దేశ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ కూడా 1,530 మంది గర్భిణులు, బాలింతల వివరాలు పోల్చి చూసింది: మొదటి వేవ్‌లో చనిపోయినవాళ్ళు 0.7 శాతం, రెండో వేవ్‌లో 5.7 శాతం. ఆ రెండో అంకె డెల్టా అనే రకం వైరస్ రోజులది, ఈ అంకెలేవీ ఇవాళ్టివి కావు, అయినా వైరస్ మారితే గర్భిణులకి ఎంత తేడా పడుతుందో వాటిలో కనిపిస్తుంది.

బిడ్డ సంగతికొస్తే, చాలామంది భయపడేది బిడ్డకి కడుపులోనే కోవిడ్ అంటుకుంటుందేమోనని. అది చాలా అరుదు, పాజిటివ్ తల్లులకి పుట్టిన బిడ్డల్లో నూటికి ఇద్దరికి మించి పాజిటివ్ రాలేదు. అసలు భయం వేరే: నెలలు నిండకుండా కాన్పు అవడం, తల్లికి బీపీ పెరగడం, మాయ దెబ్బతిని బిడ్డకి రక్తం సరిగా అందకపోవడం. అమెరికాలోనే 12 లక్షల కాన్పులు లెక్కేస్తే, కోవిడ్ లేనివాళ్ళలో 0.64 శాతం మందికి కడుపులో బిడ్డ చనిపోతే, కాన్పు సమయానికి కోవిడ్ ఉన్నవాళ్ళలో 1.26 శాతం. అంటే దాదాపు రెట్టింపు, అయినా నూటికి 98 మందికి పైగా బిడ్డలు ప్రాణాలతోనే పుట్టారు. రెండూ గుర్తుపెట్టుకోండి.

ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. మొదటి మూడు నెలల్లో కోవిడ్ వస్తే బిడ్డ అవకరంతో పుడుతుందని ఎవరో అన్నారని అబార్షన్ చేయించుకుందామనుకున్నవాళ్ళు నాకు తెలుసు. కోవిడ్ వల్ల పుట్టుకతో అవకరాలు పెరిగినట్టు ఆధారాలు లేవు. కోవిడ్ వచ్చిందన్న ఒక్క కారణంతో గర్భం తీయించుకోవాల్సిన పనిలేదు. ఆ నెలల్లో జ్వరం ఎక్కువసేపు ఎక్కువగా ఉండకుండా చూసుకోవాలి, అయిదో నెల స్కాన్ మిస్ కాకూడదు, అంతే.

మొదటి రోజు చేయాల్సిన పనులు

గొంతు నొప్పి, దగ్గు, జ్వరం, ఒళ్ళు నొప్పులు, వీటిలో ఏది వచ్చినా అదే రోజు టెస్ట్ చేయించుకోండి. మెడికల్ షాపులో కిట్ దొరికితే ఇంట్లోనే చేసుకోవచ్చు, నెగెటివ్ వచ్చి లక్షణాలు ఉంటే ల్యాబ్‌లో చేసే ఆర్‌టీపీసీఆర్ టెస్ట్ చేయించండి. మలేరియా, డెంగీ సీజన్ అయితే వాటికి కూడా రక్త పరీక్ష అడగండి, మన దగ్గర వానాకాలంలో జ్వరం అంటే ఒక్క కోవిడే కాదు.

పాజిటివ్ వస్తే వెంటనే మిమ్మల్ని చూసే గైనిక్ డాక్టర్‌కి ఫోన్ చేసి ఎన్నో నెల, బీపీ షుగర్ థైరాయిడ్ ఉన్నాయా, రక్తం ఎంత ఉంది, కోవిడ్ టీకా ఎప్పుడు వేయించుకున్నారు, ఇవన్నీ చెప్పండి. మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నవాళ్ళే, హిమోగ్లోబిన్ తక్కువ ఉన్నప్పుడు ఆక్సిజన్ పడిపోతే ఒళ్ళు తట్టుకోలేదు, అందుకని ఆ రిపోర్టు చేతిలో పెట్టుకుని ఫోన్ చేయండి. ఈ ఫోన్ ఎందుకు మొదటిరోజే అంటున్నానంటే వైరస్ మీద నేరుగా పనిచేసే మందులు, నిర్మాట్రెల్విర్-రిటోనావిర్ లాంటివి, లక్షణాలు మొదలైన 5 రోజుల్లోపే మొదలుపెట్టాలి. మీకు అవసరమా, మీరు వాడే మిగతా మందులతో పడుతుందా అన్నది డాక్టర్ తేలుస్తారు, కానీ మీరు ఆరో రోజు ఫోన్ చేస్తే తేల్చడానికి ఏమీ మిగలదు.

అదే రోజు చేయాల్సిన ఇంకో పని: అవసరమైతే ఏ ఆసుపత్రికి వెళ్ళాలో ఇప్పుడే కనుక్కోవడం. మేం మొదట వెళ్ళిన ప్రైవేటు ఆసుపత్రిలో "కోవిడ్, అందులోనూ గర్భిణి, మా దగ్గర కుదరదు" అని గేటు దగ్గరే తిప్పి పంపారు, ఆటోలో చెల్లి నా భుజం మీద వాలి ఉంది, రాత్రి పదకొండు దాటింది. మీకా పరిస్థితి రావొద్దు. కాన్పులు చేసే వార్డు, ఐసీయూ, పుట్టిన పిల్లల కోసం ఎన్‌ఐసీయూ, మూడూ ఒకేచోట ఉన్న ఆసుపత్రి ఏదో అడిగి పెట్టుకోండి, కోవిడ్ గర్భిణిని చేర్చుకుంటారా అని సూటిగా అడగండి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్ని చిన్నచూపు చూడొద్దు, ఎవరూ తాకడానికి కూడా భయపడిన రోజుల్లో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో వందలమంది పాజిటివ్ గర్భిణులకు కాన్పులు చేశారు.

ఇంట్లో ఉన్నన్నాళ్ళూ: క్యాలెండర్ వెనక రాసుకోండి

మేం చేసింది చెబుతాను. గోడ క్యాలెండర్‌లో పాత నెల కాగితం చింపి వెనకవైపు గీతలు కొట్టాం. టైము, జ్వరం, ఆక్సిజన్, పల్స్, బీపీ, బిడ్డ కదలికలు. పొద్దున ఎనిమిది, మధ్యాహ్నం రెండు, రాత్రి ఎనిమిది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ మిగతా ఫైల్ కంటే ముందు ఆ కాగితమే చదివారు, ఎందుకంటే 98, 98, 97, 96, 95, 93 అని వరసగా దిగిన అంకెలు చూస్తే ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

ఆక్సిజన్ చూసేటప్పుడు అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోండి, చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబెట్టండి, వేలు పెట్టి అంకె నిలకడ పడేదాకా కనీసం ఒక నిమిషం ఆగండి. గోళ్ళ రంగు ఉంటే తీసేయండి, సీమంతానికి నల్లటి కోన్ మెహందీ పెట్టుకున్న వేలైతే అంకె తప్పు రావచ్చు, వేరే వేలు చూడండి. గర్భిణికి ఆక్సిజన్ 95 లేదా అంతకంటే పైన ఉండాలి. మామూలు మనిషికి 94 అయితే "చూద్దాం" అంటారేమో, మీకు మాత్రం 94 అంటే ఆసుపత్రికి బయల్దేరాల్సిన అంకె, బిడ్డకి వెళ్ళే ఆక్సిజన్ మీ రక్తంలోంచే కదా.

గర్భిణికి మామూలుగా వచ్చే ఆయాసానికీ దీనికీ తేడా ఎలా అంటారా? మామూలు ఆయాసం మెట్లెక్కితే వస్తుంది, కూర్చుంటే పోతుంది. ఇది కూర్చున్నా పోదు, పూర్తి వాక్యం ఒకే ఊపిరిలో చెప్పలేరు. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో పక్కనున్నవాళ్ళు లెక్కపెట్టాలి, మీరు లెక్కపెట్టుకుంటే తెలియకుండానే మారిపోతుంది. 24 దాటితే ఆగొద్దు. జ్వరం తగ్గింది కదా అని లెక్క మానేయొద్దు, అసలు జాగ్రత్తగా చూడాల్సింది అయిదో రోజు నుంచి పదో రోజు దాకా.

బిడ్డ కదలికలు ఏడో నెల నుంచి రోజూ చూడాలి. భోజనం చేశాక ఎడమ పక్కకి తిరిగి పడుకుని, ఫోన్ పక్కన పెట్టేసి, పొట్ట మీద చెయ్యి వేసుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు రావాలి, చాలామందికి అరగంటలోనే వచ్చేస్తాయి. రాకపోతే, లేదా రోజూ ఉండే తీరు కంటే తగ్గాయని మీ మనసుకి అనిపిస్తే, రాత్రైనా వెళ్ళి బిడ్డ గుండె చప్పుడు చూపించుకోవాలి. పొద్దున దాకా ఆగొద్దు.

మందుల దగ్గర జరిగే తప్పులు

జ్వరానికి పారాసిటమాల్ వేసుకోవచ్చు, గర్భిణులకి ఎన్నో ఏళ్ళుగా ఇస్తున్న మందు, డాక్టర్ చెప్పినట్టు ఆరు గంటలకొకటి చొప్పున, రోజుకి నాలుగు బిళ్ళలు దాటకుండా. "బిళ్ళ వేసుకుంటే బిడ్డకి మంచిది కాదు" అని 102 డిగ్రీల జ్వరంతో పడుకోవడమే బిడ్డకి మంచిది కాదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు మాత్రం మీ అంతట మీరు వేసుకోవద్దు, ముఖ్యంగా 20 వారాలు దాటాక, బిడ్డ కిడ్నీల మీద పడి ఉమ్మనీరు తగ్గే ప్రమాదం ఉంది.

ఇంట్లో వేరేవాళ్ళకి రాసిన చీటీ చూపించి మెడికల్ షాపులో మందులు తెచ్చుకోవడం ఆ రోజుల్లో ఇంటింటా జరిగింది. దయచేసి ఆ పని చేయొద్దు. కోవిడ్‌కి విచ్చలవిడిగా వాడిన ఫావిపిరావిర్, తర్వాత వచ్చిన మోల్నుపిరావిర్, ఈ రెండూ కడుపులో బిడ్డకి హాని చేసే అవకాశం ఉన్నందున గర్భిణులకి ఇవ్వరు. డాక్సీసైక్లిన్ కూడా అంతే. ఇంటిల్లిపాదికీ ఒకే కవర్లో తెచ్చిన మందుల్లో ఇవి ఉంటాయి, ఎవరూ చూసుకోరు.

ఐరన్, కాల్షియం, థైరాయిడ్, బీపీ బిళ్ళలు మానొద్దు, ఇన్సులిన్ అసలు ఆపొద్దు. కషాయాల విషయంలో మితం పాటించండి. మిరియాలు, శొంఠి, వాము, లవంగం అన్నీ కలిపి రోజుకి నాలుగు గ్లాసులు తాగిస్తే అసలే అన్నం సయించని మనిషికి గుండెల్లో మంట ఎక్కువవుతుంది. గోరువెచ్చని పాలల్లో చిటికెడు పసుపు వేసుకోండి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, చారన్నం, పప్పు, గుడ్డు, ఏది సయిస్తే అది కొంచెం కొంచెంగా తినండి. ఆవిరి పట్టేటప్పుడు మరిగే నీళ్ళ గిన్నె మీదికి పొట్టతో వంగడం ప్రమాదం, ముక్కు పట్టేస్తే ఉప్పునీటి చుక్కలు వేసుకోండి చాలు.

108కి ఫోన్ చేయాల్సిన ఘడియ

ఆక్సిజన్ 94కి దిగినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, గుండెల్లో నొప్పి వచ్చినా, మాటలో మగతగా తేడా కనిపించినా, మూడు రోజులు దాటినా జ్వరం దిగకపోయినా, బిడ్డ కదలిక తగ్గినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, నొప్పులు మొదలైనా ఇక ఇంట్లో కూర్చోవద్దు. వీటితో పాటు ఇంకోటి ఉంది, అది చాలామంది కోవిడ్ ఖాతాలో వేసి వదిలేస్తారు: తల పగిలిపోయే నొప్పి, కళ్ళు మసకలు, పొట్ట పైభాగంలో నొప్పి, మొహం చేతులు ఉబ్బడం, బీపీ 140/90 దాటడం. కోవిడ్ వచ్చిన గర్భిణుల్లో బీపీ ఇలా పెరగడం మిగతావాళ్ళ కంటే ఎక్కువని 18 దేశాల్లో 2,130 మంది మీద చేసిన పరిశీలనలో తేలింది, అందులో మన దేశం కూడా ఉంది. ఇదే ముదిరితే ఫిట్స్ దాకా పోతుంది, మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేది దాన్నే. "కోవిడ్ తలనొప్పిలే" అనుకోకుండా బీపీ చూడండి.

బండి వచ్చేలోపు ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వెల్లకిలా వద్దు. తల కింద రెండు దిండ్లు, పొట్ట కింద ఒక చిన్న మెత్త. చెకప్ కార్డు, స్కాన్‌లు, రక్తం గ్రూపు రిపోర్టు, ఆధార్, క్యాలెండర్ కాగితం ఒకే సంచిలో పెట్టుకోండి.

ఆసుపత్రిలో మిమ్మల్ని అడిగేవి, మీరు అడగాల్సినవి

ఛాతీకి ఎక్స్‌రే గానీ సీటీ గానీ తీయాలంటారు, ఇంట్లో పెద్దవాళ్ళు వద్దంటారు. ఛాతీ సీటీలో బిడ్డ దాకా చేరే రేడియేషన్ చాలా తక్కువ, హాని చేసే మోతాదుకి దరిదాపుల్లో ఉండదు. నిజంగా అవసరమని డాక్టర్ అంటే తీయించుకోవాలి. అయితే ఊరికే భయానికి, ఆక్సిజన్ 98 ఉన్నప్పుడు కూడా సీటీ తీయించుకునే పని మాత్రం వద్దు.

ఆక్సిజన్ పెట్టాల్సి వస్తే స్టెరాయిడ్లు ఇస్తారు. ఆ పేరు వినగానే బెదిరిపోకండి, ఆక్సిజన్ అవసరమైన రోగుల ప్రాణాలు కాపాడినట్టు రుజువైన మందు అది. గర్భిణులకి మాయ దాటి బిడ్డకి తక్కువగా చేరే రకాన్ని, ప్రెడ్నిసొలోన్ లేదా హైడ్రోకార్టిసోన్, ఇవ్వొచ్చు, నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం వేరే ఇంజక్షన్లు ఇస్తారు. షుగర్ మాత్రం పెరుగుతుంది, రోజూ చూడమని అడగండి. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద చిన్న సూదితో హెపారిన్ ఇస్తారు, మా చెల్లి ఆ సూది చూసి బిడ్డకి గుచ్చుకుంటుందేమోనని వణికిపోయింది, నర్సమ్మ చర్మాన్ని రెండు వేళ్ళతో పైకి పట్టుకుని చూపించింది, "చూడమ్మా, సూది ఇక్కడిదాకే, పాప ఎక్కడో లోపలుంది" అని. హెపారిన్ మాయ దాటదు.

కాన్పు గురించి కూడా చెప్పాలి. కోవిడ్ ఉందని సిజేరియన్ చేయాల్సిన పనిలేదు. మామూలు కాన్పు అవ్వగలిగితే అవ్వనివ్వొచ్చు, తేదీ ఇంకా దూరం ఉండి తల్లీబిడ్డా బాగుంటే తగ్గేదాకా ఆగడమే మంచిది. ఎవరైనా "కోవిడ్ కాబట్టి ఆపరేషనే" అంటే వేరే కారణం ఏముందో మర్యాదగా, సూటిగా అడగండి. తల్లికి ఊపిరి అందడం కష్టమైపోతే, బిడ్డ గుండె చప్పుడు తేడా చేస్తే అప్పుడు ఆపరేషన్ తప్పదు, అది వేరే సంగతి.

బిడ్డ పుట్టాక

బిడ్డని తల్లి నుంచి వేరు చేయాలా? తల్లికి ఓపిక ఉంటే అక్కర్లేదు. ముర్రుపాలు తప్పకుండా పట్టండి. తల్లిపాలతో కోవిడ్ అంటుకున్నట్టు ఆధారం లేదు, పైగా ఆ పాలల్లో వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీలు ఉంటాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటినుంచీ చెబుతున్నదీ ఇదే. పాలిచ్చే ముందు చేతులు సబ్బుతో ఇరవై సెకన్లు కడుక్కోండి, మాస్క్ ముక్కు మీదికి పెట్టుకోండి, మిగతా టైములో ఉయ్యాల మీ మంచానికి ఆరడుగుల దూరంలో ఉంచండి. తల్లికి అసలు ఓపిక లేకపోతే పాలు పిండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఉగ్గుగిన్నెతో పట్టొచ్చు. బిడ్డ మొహానికి మాత్రం మాస్క్ పెట్టొద్దు, ఊపిరాడదు. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకా కోవిడ్ పేరు చెప్పి వాయిదా వేయొద్దు.

పురిటి గది తలుపులు కిటికీలు బిగించి సాంబ్రాణి పొగ వేసే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది కదా, ఈసారికి పొగ మానేసి ఒక కిటికీ తెరిచి ఉంచండి. బారసాల వాయిదా వేయండి. చూడ్డానికొచ్చేవాళ్ళని వద్దని చెప్పడం మొహమాటంగానే ఉంటుంది, ఆ పని తల్లి మీద పెట్టకుండా తండ్రి చేయాలి.

టీకా మాట

మన దేశంలో గర్భిణులకి కోవిడ్ టీకా వేయొచ్చని 2021 జూలై 2న ప్రభుత్వం చెప్పింది, పాలిచ్చే తల్లులకి అంతకుముందు మేలోనే చెప్పింది. మా చెల్లికి ఆ రెండు నెలల ఆలస్యమే తగిలింది. టీకా వేయించుకుంటే పిల్లలు పుట్టరని, గర్భం పోతుందని అప్పట్లో ఊరూరా తిరిగిన మాటలు నిజం కావు. గర్భంతో ఉన్నప్పుడు వేయించుకుంటే తల్లి యాంటీబాడీలు బిడ్డకి కూడా చేరి మొదటి ఆర్నెల్లు కాపు కాస్తాయి, ఆ వయసు పిల్లలకి వేరే కోవిడ్ టీకా లేదు. ఇప్పుడు మీకు డోసు అవసరమా, ఎక్కడ దొరుకుతుంది అన్నది చెకప్‌లో అడగండి. అమెరికాలో ఉన్న మన అమ్మాయిలు కొంచెం గందరగోళంలో ఉన్నారు, 2025 మేలో అక్కడి ప్రభుత్వం ఆరోగ్యంగా ఉన్న గర్భిణులకి ఈ టీకా సిఫారసు తీసేసింది, కానీ అక్కడి గైనకాలజిస్టుల సంఘం మాత్రం వేయించుకోమనే చెబుతోంది. నేనైతే డాక్టర్ల సంఘం మాటే వింటాను.

తగ్గిపోయాక కూడా

నెగెటివ్ వచ్చింది కదా అని ఫైల్ మూసేయకండి. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినవాళ్ళయితే బిడ్డ ఎదుగుదల చూడ్డానికి సుమారు రెండు వారాల తర్వాత గ్రోత్ స్కాన్ చేస్తారా అని అడగండి, బీపీ ప్రతి చెకప్‌లో చూపించుకోండి. కాన్పు తర్వాత ఆరు వారాలదాకా ఒక కాలి పిక్క వాచి నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అది రక్తం గడ్డ కావచ్చు, వెంటనే వెళ్ళాలి. పసిబిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్ళు వేడెక్కినా, మరీ మత్తుగా పడి ఉన్నా, డొక్కలు ఎగరేస్తూ నిమిషానికి 60 కంటే ఎక్కువ ఊపిరి తీసినా ఆ గంటలోనే పిల్లల డాక్టర్ దగ్గర ఉండాలి.

మా చెల్లి ఇంటికొచ్చాక చాలా రోజులు నిద్రలో లేచి ఆక్సీమీటర్ పెట్టుకునేది. 98 చూసి పడుకునేది, గంటకి మళ్ళీ లేచేది. నెల దాటినా అలా భయం, ఏడుపు, నిద్ర పట్టకపోవడం ఉంటే అది కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన లక్షణమే, మేం చెప్పాం, నాలుగుసార్లు కౌన్సెలింగ్‌కి వెళ్ళింది, ఆ తర్వాత ఒకరోజు తనే ఆక్సీమీటర్‌లో బ్యాటరీలు తీసి టీవీ రిమోట్‌లో వేసుకుంది.